డ్రైవరు వైపు మడతబందు

మా ఆయనకు ఎవరింటికి వెళ్ళినా ఒకటే జబ్బు. కుశల ప్రశ్నలు అడగరు, కూర్చోమంటే కూర్చోరు, ఇచ్చిన మంచినీళ్ళు ముట్టుకోరు. ముందు వాళ్ళ గుమ్మం తలుపును అటూ ఇటూ ఊపి చూస్తారు. అది కిర్రుమన్నా, గడపకు రాసుకున్నా, తెరిచిన చోట నిలబడకుండా తనంతట తాను వెనక్కి వచ్చినా ఇక అయిపోయిందే. జేబులోంచి స్క్రూడ్రైవరు బయటికి వస్తుంది. మా ఆడపడుచు కొత్తింట్లో అందరూ భోజనాలకు కూర్చుంటే ఈయన వంటింటి అలమర తలుపు ఊడదీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. “వదినా, అన్నయ్యకి అన్నం వడ్డించనా, మేకులు వడ్డించనా?” అని ఆవిడ అందరి ముందూ అడిగితే నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆయన పని పాత కార్లు బాగుచెయ్యడం. పాతవంటే నిన్నా మొన్నటివి కావు. వాటిని తయారుచేసిన కంపెనీలే ఎప్పుడో మూతపడ్డాయి. తాతల నాటి బండిని వదులుకోలేనివాళ్ళు, సరదాకి కొనుక్కుని ఆదివారం పూట తుడుచుకునేవాళ్ళు ఈయన షెడ్డుకు తోలుకొస్తారు. ఇంజన్ల పనివాళ్ళు వేరే ఉన్నారు. ఈయనది రేకుల పని, తలుపుల పని. పాత బండికి కొత్త తలుపో, కొత్త గడియో తెచ్చి బిగిస్తే అది తిన్నగా కూర్చోదు. ఆ రోజుల్లో బండిని చేత్తో కూర్చేవాళ్ళట. ఒకే షెడ్డులోంచి ఒకే పూట బయటికొచ్చిన రెండు బండ్లయినా ఒకదాని చొక్కా ఇంకోదానికి భుజాల దగ్గర పట్టదు. అందుకని కొత్త ముక్కను ఆకురాయితో రుద్దాలి, పెట్టి చూడాలి, తియ్యాలి, మళ్ళీ రుద్దాలి. ఆ రుద్దడంలో ఈయనకున్న ఓపిక చూసి ఊళ్ళోవాళ్ళు ఆ పనిముట్టు పేరే తగిలించారు. ఆకురాయి షెడ్డు ఎక్కడంటే ఎవరైనా చూపిస్తారు. “పేరుకి ఆకురాయి గానీ మనిషి వెన్నపూస” అంటుంది మా పక్కింటావిడ. వెన్నపూసే. గరగరలాడే పనంతా నాకు వదిలేశారు మరి.

తలుపు కుదిరిందో లేదో తేల్చడానికి ఆయనకు ఒకటే పరీక్ష. తలుపును బార్లా తెరిచి, చిటికెన వేలితో నెడతారు. అది నెమ్మదిగా వెళ్ళి ‘టక్’ అని ఒకే ఒక్క మాట చెప్పి మూసుకోవాలి. రెండు మాటలు చెబితే మళ్ళీ విప్పడమే. ‘దబ్’మంటే ఆ పూట భోజనం కూడా సహించదు. అలాంటి మనిషి ఈ మధ్య తన చెయ్యి పోయిందని నమ్మారు. కళ్ళు మసకబారాయని, వేళ్ళు మొద్దుబారాయని, ఇక షెడ్డుకు తాళం వేసెయ్యాలని నిర్ణయానికి కూడా వచ్చేశారు. అలా నమ్మించింది పరాయివాడైతే నేను ఇంతగా మండిపడేదాన్ని కాదు. నా తోడబుట్టినవాడు.

ఈ కథ అర్థం కావాలంటే ముందు తలుపును పట్టి ఉంచే ఒక మడతబందు గురించి చెప్పాలి. మా మామగారు అద్దెకారు నడిపేవారు. ఒకసారి డ్రైవరు వైపు తలుపు తెరిచి, తల బయటికి పెట్టి బండిని వెనక్కి తోలుతుంటే, తలుపు గేటు దిమ్మకు తగిలి విరుచుకుపోయింది. తలుపు వేలాడే ఇనుప స్తంభం వంగింది. ఎంత లాగి సరిచేసినా దానిలో రవ్వంత వంకర మిగిలిపోయింది. తలుపు మూస్తే కింది మూల బయటికి పొడుచుకొచ్చేది. మా ఆయనకు అప్పటికింకా మీసాలు సరిగ్గా రాలేదు. స్తంభం ఎలాగూ తిన్నగా కాదు కాబట్టి దానికి తగ్గట్టు మడతబందునే వంకరగా రుద్దితే సరిపోతుందని ఆయనకు తోచింది. పై మడతబందు విప్పి, స్తంభానికి ఆనే రెక్కను వెనక వైపు ఒక పక్క పల్చగా, ఒక పక్క మందంగా ఉండేలా అరగదీశారు. ఇంకో రెండు రుద్దులు రుద్దితే పని అయిపోతుందనగా వెనక నుంచి మామగారు “ఇంకా ఎంతసేపురా?” అని గావుకేక పెట్టారు. చెయ్యి జారింది. ఆకురాయి మొన రెక్క ముందువైపు లోతుగా గీసుకుపోయింది. కొడవలిలా వంగిన గీత.

పిల్లవాడు బిక్కచచ్చిపోయి నిలబడ్డాడట. మామగారు తిట్టకుండా మడతబందు బిగించమని చెప్పి, తలుపును చిటికెన వేలితో నెట్టారట. టక్. “గీత ఉండనీరా. అది నీ సంతకం” అన్నారట. ఆయన కొడుకును మెచ్చుకున్నది బతుకు మొత్తంలో ఆ ఒక్కసారే. ఈ మాట మామగారే నాకు చెప్పారు, అదీ కొడుకు ఇంట్లో లేనప్పుడు.

ఆ బండి ముక్కలైపోయినా మా ఆయన ఆ మడతబందును దాచుకున్నారు. నూనె రాసి, షెడ్డులో అద్దం పక్కన మేకుకు తగిలించారు. పెళ్ళయిన కొత్తలో “పద, నీకొకటి చూపిస్తా” అంటే సినిమా అనుకుని ముస్తాబై వెళ్ళాను. చూపించింది దాన్ని. ఒక ఇనుప ముక్క. వెనక్కి వచ్చేటప్పుడు దారంతా నేను మాట్లాడలేదు. ఆయన మాత్రం ఎంతో ఇష్టంగా, గీత ఎలా పడిందో రెండోసారి చెప్పారు.

ఇక నా తమ్ముడు. మా అమ్మానాన్నా పోయాక వాడు మా దగ్గరే పెరిగాడు. మా ఆయన ఒక్కనాడు కూడా వాణ్ణి బావమరిదిగా చూడలేదు. నాకు కొన్న చెప్పుల కన్నా వాడికి కొన్న బూట్లు ఎప్పుడూ ఒక మెట్టు ఎక్కువే. షెడ్డులో పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పబోయారు. వాడు ఆకురాయి పట్టుకుంటే గోళ్ళు రుద్దుకోవడానికే. కానీ నోరు మాత్రం చాకు. కోపంగా వచ్చిన బండి యజమానిని కూర్చోబెట్టి, నవ్వించి, ఆ వచ్చినాయనే ఇంకో పని పురమాయించేలా చేసి పంపేవాడు. “వీడు చేసేవాడు కాదే, తెచ్చేవాడు” అని మా ఆయనే తేల్చి, బజారు మలుపులో వాడిచేత పాత బండ్ల సామాన్ల కొట్టు పెట్టించారు. షెడ్డుకు వచ్చిన ప్రతివాళ్ళకీ ఒకటే మాట చెప్పేవారు. “సామాను మావాడి కొట్లో తెచ్చుకోండి. కళ్ళు మూసుకుని తెచ్చుకోండి.”

మొదట్లో వాడు బాగానే తెచ్చాడు. అబద్ధం ఎందుకు చెప్పాలి? మూలపడ్డ గోదాముల్లో వెతికి, పాడైపోయిన బండ్లలోంచి ఊడదీయించి, అసలు సిసలు ముక్కలే పట్టుకొచ్చేవాడు. పోగాపోగా పాత సరుకు కరువైపోయింది. షెడ్డుకు ఎక్కువగా వచ్చే మామగారి రకం బండ్లలో అన్నిటికన్నా ముందు అరిగేది డ్రైవరు వైపు పై మడతబందు, రోజుకు ఎన్నో సార్లు తెరిచి మూసే తలుపు అది. దానికోసం జనం ఎగబడుతున్నారు, సరుకు లేదు.

ఒకరోజు వాడు షెడ్డుకు వచ్చి, “బావా, ఆ మేకు మీద మడతబందు ఓసారి ఇవ్వవా? బయట దేశంలో పాత సరుకు దొరికేలా ఉంది. కొలతలు పంపాలి” అన్నాడు. నేను దుమ్ము దులుపుతానంటేనే చెయ్యి వెయ్యనివ్వని మనిషి, తీసి పాతగుడ్డలో చుట్టి ఇచ్చారు.

“జాగ్రత్తరా. నాన్నది.”

“నాకు తెలీదా బావా?” అన్నాడు వాడు, నొచ్చుకున్నట్టు.

వారం తిరిగాక తెచ్చిచ్చాడు. నూనె తడి లేదు, పొడిపొడిగా ఉంది. మరలు బిగించే చిల్లుల్లో నల్లటి ఇసుక. కింద పడేశావా అంటే, “కొట్టు ముందు రోడ్డు తవ్వుతున్నారు కదా బావా, దుమ్ము” అన్నాడు. మా ఆయన నా దగ్గర పిన్నీసు అడిగి తీసుకుని, చిల్లుల్లో ఇసుక అంతా గీరి, మళ్ళీ నూనె రాసి మేకుకు తగిలించారు. తమ్ముడు అబద్ధం ఆడతాడన్న ఆలోచన మా ఇద్దరిలో ఏ ఒక్కరికీ రాలేదు.

కొన్నాళ్ళకు కొత్త మడతబందులు వచ్చాయి. అట్టడబ్బా, దాని మీద మూతపడ్డ కంపెనీ బొమ్మ, లోపల మైనపు కాగితం, తారులా మందంగా నల్లరంగు. “చూశావా బావా, కంపెనీ సరుకు, డబ్బా కూడా విప్పలేదు” అని వాడు మురిసిపోయాడు. వాడికన్నా ఎక్కువగా ఈయన మురిసిపోయారు. మా వీధిలో వాళ్ళకు కూడా చూపించారు. వాళ్ళు పాపం మర్యాదకు “బాగుంది” అన్నారు.

ఆ మడతబందుతో బిగించిన మొదటి తలుపు కింది మూల బయటికి పొడుచుకొచ్చింది. స్తంభం వంగి ఉంటుందనుకుని ఈయన వెనక రేకు ముక్కలు పెట్టి, తలుపును లాగి, ఎలాగో కూర్చోబెట్టారు. నాలుగు నెలలు తిరగకముందే ఆ బండి వెనక్కి వచ్చింది, తలుపు మళ్ళీ జారిందని. రెండో బండికీ అంతే. మూడోదానికీ అంతే. డ్రైవరు తలుపు కాబట్టి ఎక్కువ వాడకం, అందుకే స్తంభం కుంగిందని తనకు తనే సమాధానం చెప్పుకున్నారు. బండిని కొలిచేవారు. తలుపును కొలిచేవారు. గడియను కొలిచేవారు. డబ్బాలోంచి తీసిన ముక్కను మాత్రం కొలవలేదు. సొంతవాడు తెచ్చిన మందుసీసా మూత తీసి వాసన చూస్తామా ఎవరమైనా?

పని సాగడం మొదలైంది. ఒక పూటలో అయ్యేది మూడు రోజులు పట్టేది. “ఆకురాయి మొద్దుబారింది” అని ఎవడో టీ కొట్టు దగ్గర అన్నాడట. ఆ మాట తిరిగి తిరిగి ఈయన చెవిన పడింది.  మా బీరువా తలుపు కిర్రుమంటున్నా పట్టించుకోలేదు. అప్పుడు నాకు భయం వేసింది. ఒకరోజు టీ గ్లాసు పట్టుకుని, చెయ్యి చాచి, “చూడవే, వణుకుతోందా?” అని అడిగారు. వణకడం లేదు. లేదన్నాను. నమ్మలేదు.

వాడు ఇంటికి వచ్చినప్పుడు వాడితోనే చెప్పుకున్నారు. చెప్పుకోవడానికి ఇంకెవరున్నారు?

“వయసు కదా బావా” అన్నాడు వాడు ఎంతో ప్రేమగా. “కళ్ళు చూపించుకో. రేపు నేనే తీసుకెళ్తా.”

తీసుకెళ్ళాడు. డాక్టరు పెద్ద దోషమేమీ లేదని, దగ్గరి చూపుకు చిన్న నంబరు రాసిచ్చాడు. ఫ్రేము వాడే ఎంచాడు. “ఇది పెట్టుకుంటే హెడ్మాస్టర్లా ఉన్నావు బావా” అని అద్దం కూడా వాడే పట్టుకున్నాడట. ఇంటికొచ్చాక నా ముందే అన్నాడు, “ఎంతకాలం రుద్దుతావు? హాయిగా వచ్చి నా కొట్లో కూర్చో. నిన్ను చూసి నలుగురొస్తారు.” తమ్ముడికి బావ మీద ఎంత ప్రేమో అని ఆ రోజు నా కళ్ళు చెమ్మగిల్లాయి. ఇప్పుడు తలుచుకుంటే ఆ కళ్ళనే చెంపదెబ్బ కొట్టాలనిపిస్తుంది.

ఈయన సరేనన్నారు. చేతిలో ఉన్న టీచరమ్మగారి బండి ఒక్కటి అప్పగించేసి, షెడ్డుకు తాళం వేసి, వాడి కొట్లో డబ్బాలు సర్దుకుంటూ కూర్చుందామనుకున్నారు.

టీచరమ్మగారంటే మా పిల్లలకు లెక్కలు చెప్పినావిడ. ఆవిడ బండి నీడపట్టున, దుప్పటి కప్పుకుని బతికిన బండి. మొన్నటి గాలివానలో తెరిచి ఉన్న తలుపు విసురుగా కొట్టుకుని పై మడతబందులో కడ్డీ దూరే చెవి విరిగింది. అంతే. “అప్పటిదాకా తలుపు మీరన్నట్టు ఒక్క వేలితోనే పడేది మేస్త్రీ” అంది ఆవిడ. స్తంభం పక్కన దారానికి గుండు కట్టి వేలాడదీసి చూస్తే గీత గీసినట్టు తిన్నగా ఉంది. వంక పెట్టడానికి ఎక్కడా సందు లేదు. ఈయన కొత్త మడతబందు బిగించారు, తలుపు వేశారు. కింది మూల వేలెడంత బయటికొచ్చి నిలబడింది.

నేను క్యారేజీ పట్టుకుని షెడ్డులోకి అడుగుపెట్టింది సరిగ్గా అప్పుడే. ఆయన తలుపు పక్కన నేల మీద కూర్చుని ఉన్నారు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, అరచేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నారు.

“అయిపోయిందే” అన్నారు. “బండి తిన్నగా ఉంది. తలుపు తిన్నగా ఉంది. ముక్క కంపెనీది. ఇక మిగిలింది నేనే.”

ముందు అన్నం తినమన్నాను. తినరని తెలుసు. ఊరికే కూర్చోలేక పని అడిగాను. ఆ బండికి మడతబందులు కూడా బండి రంగులోనే ఉంటాయట, అందుకని ఆ నల్లరంగు తీసెయ్యాలన్నారు. అంతకు ముందు బండ్లన్నిటికీ ఆ నలుపు అలాగే ఉంచేశారు. విప్పి నా చేతికిచ్చారు. నేను గుడ్డకు థిన్నర్ పట్టించి రుద్దుతున్నాను. మందంగా పూసిన రంగు, ముద్దలు ముద్దలుగా ఊడొస్తోంది. నా బొటనవేలికి ఏదో గరుగ్గా తగిలింది. ఇంకాస్త రుద్దాను. రంగు కింద నుంచి వంకర గీత ఒకటి తేలింది. కొడవలిలా.

నాకు ఇనుము గురించి ఏమీ తెలియదు. కానీ ఆ గీత కథ నేను వందసార్లు విన్నాను, సినిమా అనుకుని ముస్తాబైన రోజుతో కలిపి. తలెత్తి అద్దం వైపు చూశాను. మేకు మీద మామగారి మడతబందు వేలాడుతోంది. అదే చోట, అదే గీత.

“ఏమండీ” అన్నాను. చేతిలోని ముక్కను మేకు వైపు ఎత్తి పట్టుకున్నాను. మళ్ళీ అన్నాను, “ఏమండీ, మీ సంతకం డబ్బాలో ఎందుకొచ్చింది?”

ఆయన లేచి వచ్చి రెండు ముక్కల్నీ రెండు చేతుల్లోకి తీసుకున్నారు. కళ్ళతో కాదు, వేళ్ళతో చూశారు. అలమరలో ఇంకా విప్పని డబ్బాలుంటే వాటినీ చించి, ఒక్కొక్కదాన్నీ థిన్నర్‌లో ముంచి రుద్దారు. అన్నిటికీ గీత ఉంది. అన్నిటికీ రెక్క వెనక ఒక పక్క పల్చన, ఒక పక్క మందం. అప్పుడు చిల్లుల్లోని నల్ల ఇసుక గుర్తొచ్చింది ఆయనకు. “పోత ఇసుకే అది” అన్నారు మెల్లగా. “ఇసుకలో దీని అచ్చు తీయించాడు. నేను పిన్నీసుతో గీరాను చూడు, అది.” 

అన్నం అక్కడే వదిలేసి బజారు మలుపుకు నడిచాం. ఎండ మాడిపోతోంది. దారిలో ఆయన ఒక్కటే అన్నారు, “వాడికి తెలిసుండదే. ఎవడో వాణ్ణి కూడా మోసం చేసుంటాడు.” అంత దూరం నడిచి వెళ్ళి కూడా ఇంకా వాడి పక్కనే నిలబడ్డారు ఆ మనిషి.

“రా బావా! అక్కా, నువ్వు కూడానా? ఏంటీ వేళప్పుడు?” అని నవ్వుతూ లేచాడు వాడు. మా ఆయన మామగారి మడతబందును గాజు బల్ల మీద పెట్టి, దాని పక్కన మిగతావి వరసగా పేర్చారు. రంగు పోయిన ఇనుము మీద గీతలన్నీ ఒక్క దిక్కుకే వంగి ఉన్నాయి. వాడి నవ్వు మొహం మీదే ఎండిపోయింది.

“ఇదేంట్రా?”

వాడు ఒక ముక్కను తిప్పి చూసి కింద పెట్టాడు. తర్వాత వాడి నోరు మళ్ళీ వాడికి దొరికింది. “సరుకు దొరకలేదు బావా. పోత పనివాళ్ళు నమూనా ఉంటే చేసిస్తామన్నారు. నువ్వు చేత్తో చేసిన ముక్క కన్నా మంచి నమూనా నాకెక్కడ దొరుకుతుంది చెప్పు? నీ మీద గౌరవంతోనే…”

“ఒరేయ్, అది నాన్న బండికోసం రుద్దిందిరా. ఆ ఒక్క బండికోసం. ఆ బండి వంకర కాబట్టి దీన్ని వంకరగా చేశాను. తిన్నగా ఉన్న బండికి పెడితే తలుపెలా పడుతుంది?”

“నాకు అప్పుడు తెలీదు బావా. అక్క మీద ఒట్టు.”

“నా మీద ఒట్లు తర్వాత పెడుదువుగాని” అన్నాను నేను. “అప్పుడు తెలీదు సరే. ఎప్పుడు తెలిసింది?”

వాడు ఒక్కసారి వెనక్కి, తెర వైపు చూశాడు. చిన్నప్పుడు దొంగతనంగా తీసినవి ఎక్కడ దాచాడో కూడా ఇలా చూసే దొరికిపోయేవాడు. నేను తెర తీసుకుని లోపలికి వెళ్ళాను. గోనెసంచి ఒకటి నోరు తెరుచుకుని ఉంది. నిండా మడతబందులు. వాటికి మరలు బిగించి విప్పిన గుర్తులు, రంగు లేచిపోయిన చారలు. పక్కనే నల్లరంగు డబ్బా, కుంచె, కొత్త అట్టడబ్బాల దొంతర. రంగు ఆరడానికి తీగకు వేలాడదీసినవి కొన్ని. సంచి ఈడ్చుకుంటూ బయటికి వచ్చాను.

“ఇవేంటి?”

“వెనక్కొచ్చినవి అక్కా. వేరే ఊళ్ళ మెకానిక్కులు పట్టడం లేదని పంపేశారు.”

“పంపేస్తే మళ్ళీ రంగెందుకు? మళ్ళీ డబ్బాల్లో పెట్టి ఎవరికిస్తున్నావు?”

వాడు బల్ల వైపు చూస్తూ అన్నాడు, “బావ చేతిలో ఏదైనా కూర్చుంటుంది కదక్కా. ఎలాగోలా కూర్చేస్తాడని…”

ప్రపంచంలో మెకానిక్కులందరూ ఆ ముక్కను ఒక్కసారి బిగించి చూసి, తిట్టి, వాడి మొహాన కొట్టారు. మా ఆయన ఒక్కరే దాన్ని నెత్తిన పెట్టుకుని తన చేతిని తప్పుపట్టుకున్నారు. ఊరంతా వద్దన్న ముక్కలన్నీ ఏరి, రంగేసి, వాడు ఆయనకే అంటగట్టాడు. ఆయన నమ్ముతారు కాబట్టి. 

మా ఆయన ఇంకొక్కటే అడిగారు. గొంతు పెంచలేదు.

“కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిన రోజుకి నీకు ఇది తెలుసా?”

తమ్ముడు తల దించుకున్నాడు.  మా ఆయన కాసేపు ఎదురుచూశారు. తెలీదు బావా అని వాడు అబద్ధం చెప్పినా ఆ క్షణంలో నమ్మేసేవారేమో. వాడు అదీ చెప్పలేదు. అప్పుడు కళ్ళజోడు తీసి, మడిచి, ఆ మడతబందుల పక్కన పెట్టారు. మామగారిది ఒక్కటి తీసి జేబులో వేసుకుని మెట్లు దిగిపోయారు.

నేను దిగలేదు. నా నోటి నుంచి ఏమేం వచ్చాయో సగం గుర్తు లేదు. వాణ్ణి కన్నది మా అమ్మే అని మరిచిపోయి కూడా కొన్ని తిట్టాను. “అక్కా, నువ్వైనా బావకి సర్దిచెప్పు” అన్నాడు చివర్లో. సర్దిచెప్పాలట! ముప్పై ఏళ్ళుగా తనను నమ్మిన మనిషిని రంగేసి డబ్బాలో పెట్టి అమ్ముకుని, అక్కతో సర్దిచెప్పమంటున్నాడు.

షెడ్డుకు వచ్చేసరికి ఆయన పనిలో ఉన్నారు. టీచరమ్మగారి విరిగిన మడతబందును పక్కన పెట్టుకుని, కొత్తదాని మందంగా ఉన్న పక్కను రుద్దుతున్నారు. కళ్ళజోడు లేదు. తడబాటూ లేదు. వంకర మొత్తం పోయేదాకా రుద్ది, తగ్గిన మందానికి ఇత్తడి రేకు ముక్క కత్తిరించి వెనక పెట్టారు. ఆ తర్వాత ముందువైపు తిప్పి కొడవలి గీతను కూడా రుద్దడం మొదలుపెట్టారు. లోతు గీత, అంత తేలిగ్గా పోదు. అది తలుపుకు అడ్డు కాదు కదా, ఉండనివ్వండి అన్నాను. వినిపించుకోలేదు. చెయ్యి పెడితే నున్నగా తగిలేదాకా ఆపలేదు.

మర్నాడు పొద్దున్నే టీచరమ్మగారు వచ్చింది. తలుపు బార్లా తెరిచి, చిటికెన వేలితో నెట్టింది.  తలుపు నెమ్మదిగా వెళ్ళి, టక్, ఒక్క మాట చెప్పి మూసుకుంది. ఆవిడ చిన్నపిల్లలా మళ్ళీ తెరిచి మళ్ళీ నెట్టింది. “మీ చెయ్యి చెయ్యే మేస్త్రీ!” అని బండెక్కి వెళ్ళిపోయింది. ఈయన గేటుదాకా వెళ్ళి, మలుపు తిరిగేదాకా చూసి, వచ్చి స్టూలు మీద కూర్చున్నారు.

నాకు పట్టరాని సంతోషం. “చూశారా? మీ చేతికేమీ కాలేదు. షెడ్డుకు తాళం వేసే మాట ఇంకోసారి ఎత్తారంటే మర్యాదగా ఉండదు, చెబుతున్నా” అని ఆయన రెండు చేతులూ పట్టుకుని ఊపాను.

ఆయన వాటిని నా చేతుల్లో అలాగే ఉండనిచ్చారు. అద్దం పక్కన మేకు ఖాళీగా ఉంది. మామగారి మడతబందును ఇంకా జేబులోంచి తియ్యలేదు.

“అవునే. చెయ్యి బాగానే ఉంది” అన్నారు. ఖాళీ మేకు వైపు చూశారు. “చెయ్యే పోయుంటే బాగుండేది. వాడి కొట్లోకి పోయి కూర్చునేవాణ్ణి.”